చీపురు పట్టి ఆడే ఆట

నున్నటి మంచు మీద ఒకాయన ఒంటి మోకాలి మీద జారుకుంటూ వచ్చి, పిడి ఉన్న ఓ గుండ్రాయిని, నిద్రపోతున్న పసిపిల్లని పక్క మీద పడుకోబెట్టినంత మెల్లిగా వదిలాడు. రాయి తన పాటికి తాను పోతోంది. దాని ముందర ఇద్దరు మగవాళ్ళు చీపుర్లు పట్టుకుని, చుట్టాలు గుమ్మంలోకి వచ్చేశాక ఇల్లు గుర్తొచ్చినవాళ్ళలా, వంగి గబగబా తుడుస్తున్నారు. వెనకనించి ఒకడు గొంతు చించుకుని అరుస్తున్నాడు. రాయి ఎక్కడో ఆగింది. అందరూ చేతులు కలుపుకున్నారు.

ఇదంతా మా అమ్మాయి ఫోనులో చూస్తోంది. నేల మీద వెల్లకిలా పడుకుని, మోకాళ్ళ కింద దిండు పెట్టుకుని, ఫోను మొహం మీదికి ఎత్తి పట్టుకుని. డాక్టరు అలాగే పడుకోమన్నాడు. పక్కన కూర్చుని బెండకాయలు తరుగుతున్న నేను వంగి చూసి, "ఏటే ఇది?" అన్నాను.

"కర్లింగమ్మా. ఒలింపిక్స్."

"ఒలింపిక్స్‌లో ఇల్లు తుడుస్తారేటి?"

మా అత్తగారు మంచం మీంచి మెడ సాచి చూశారు. "ఆ మొగోలు ఎంత సక్కగా తుడస్తన్నారే! మనింట్లో ఒక్కడేనా ఏనాడైనా సీపురట్టుకున్నాడా?" అని కొడుకు వైపు చూశారు. మా ఆయన టెక్కలి దగ్గర గ్రానైటు పాలిష్ పట్టే యూనిట్లో సూపర్వైజరు. చీపురు మాట చెవిన పడనట్టు, "ఆ రాయి గ్రానైటే" అన్నారు.

"గ్రానైటైతే? మన గుమ్మం మెట్టూ గ్రానైటే. దాంతో ఆడతామేటి?" అన్నాను.

నేను కోటబొమ్మాళిలో ఒక ప్రైవేటు ఇంటర్ కాలేజీలో సివిక్స్ చెబుతాను. నిర్వచనం లేకుండా ఏ మాటనీ ఒప్పుకునే అలవాటు లేదు. ఆట అంటే ఒంట్లో ఉన్నదంతా బయటపెట్టాలి, చెమట పట్టాలి, ఊపిరి ఎగబీల్చాలి అన్నాను. కబడ్డీ ఆట. పరుగు ఆట. బరువులెత్తడం ఆట. కారమ్స్ కాలక్షేపం. ఇది, ఈ రాయిని తోసి దాని ముందు తుడవడం, కారమ్స్ బోర్డుని పెద్దది చేసి నేలకేసుకున్నట్టుంది.

"మరి తుపాకీతో కాల్చేవాళ్ళకి సెమట పడతాదేటమ్మా? దానికి మెడల్ వచ్చినప్పుడు నువ్వే స్వీట్లు పంచావు" అంది మా అమ్మాయి, ఫోను దించకుండానే.

ఆ మాటకి నా దగ్గర జవాబు ఉంది, కానీ పప్పు మాడుతున్న వాసన వచ్చింది.

నిజానికి ఆ రోజు నేను ఆట గురించి కాదు వాదిస్తున్నది. ఆ పిల్ల చాలా వారాల తరవాత ఒక మాటకి ఎదురు మాట చెప్పింది. దాన్ని ఇంకాస్త సాగదీద్దామని వాదించాను.

మా వైపు ఆడపిల్ల ఆటలాడుతుందంటే బరువులెత్తుతుందనే అర్థం. శ్రీకాకుళం, విజయనగరం రెండు వైపులా ఏ ఊళ్ళో చూసినా ఓ రేకుల షెడ్డు, అందులో తుప్పు పట్టిన ఇనప చక్రాలు, గోడకి ఆంజనేయస్వామి పటం, తెల్లవారేసరికి రెండు జడలేసుకున్న పిల్లలు. మా అమ్మాయి హైస్కూల్లో ఉండగానే అందులో పడింది. దాని అరచేతులు చూసి చుట్టాలు పెళ్ళికొడుకు భయపడతాడన్నారు. భయపడేవాడు మాకెందుకన్నాను. జిల్లాలో గెలిచింది, రాష్ట్రంలో మంచి స్థానాల్లో నిలిచింది. డిగ్రీలో చేరిన ఏడాది, ఒక సాయంత్రం బారు నెత్తి మీదికి ఎత్తబోతూ అలాగే కూర్చుండిపోయింది. నడుములో డిస్కు జారిందన్నారు. శ్రీకాకుళంలో డాక్టరు ఫిల్ములు వెలుతురుకి పెట్టి చూసి, నడుస్తుంది, బండి నడుపుతుంది, పిల్లల్ని కంటుంది, బరువులు మాత్రం ఈ జన్మకి వద్దని చెప్పాడు. ఇంటికొచ్చిన రోజే అది తన బెల్టూ, గట్టి మడమల బూట్లూ సంచిలో కట్టి, తండ్రి చేత అటక మీద పెట్టించింది. ఏడిస్తే బాగుండేది. ఏడవలేదు. కాలేజీకి వెళ్ళి రావడం, నేల మీద పడుకోవడం, అంతే.

అందుకని, దాని కాలేజీలో ఆటలు నేర్పే పీడీ మాస్టారు ఒక ఆదివారం మా ఇంటికొచ్చి, కుర్చీలో అంచుకి కూర్చుని, "మేడమ్, మీ అమ్మాయిని ఫ్లోర్ కర్లింగ్ టీములో ఆడిద్దామనుకుంటున్నాను" అన్నప్పుడు నాకు ఒళ్ళు మండింది.

"అంటే?"

"అదేనండి, ఒలింపిక్స్‌లో మంచు మీద ఆడతారు చూడండి. మనకి మంచు లేదు కదా. నున్నటి నేల మీద ఆడతారు. రాయి కింద చిన్న చక్రాలుంటాయి. నలుగురు పిల్లలు చాలు. నడుముకి బరువు పడదు, నేను డాక్టరుగారితో కూడా మాట్లాడాను."

నన్ను అడక్కుండా డాక్టరుతో ఎందుకు మాట్లాడాడు? అది మొదటి అనుమానం. ఇరవై ఊళ్ళలో లేని ఆట మా ఊరికే ఎందుకొచ్చింది? అది రెండోది. నేను కాలేజీలో పనిచేసేదాన్ని, ఈ కొత్త ఆటలు వచ్చే తీరు నాకు తెలుసు. ఒక ఏడు ఎవడో వస్తాడు. పేరు పలకడానికి నోరు తిరగని ఆట ఒకటి తెస్తాడు. టీషర్టులు కుట్టిస్తాడు, బేనరు కట్టి ఫోటో దిగుతాడు, పిల్లలకి ఉద్యోగాల ఆశ చూపిస్తాడు. మరుసటి ఏడు ఆ ఆటా ఉండదు, వాడూ ఉండడు. టీషర్టులు మాత్రం ఉంటాయి, బండి తుడుచుకోడానికి.

"ఒక ఆట దీని నడుం ఇరగ్గొట్టింది. ఈ ఉత్తుత్తి ఆట దీని మనసు ఇరగ్గొట్టదని గేరంటీ ఏటి మాస్టారూ?" అని అడిగాను.

ఆయన కొంచెం ఆలోచించి, "గేరంటీ ఏమీ లేదు మేడమ్" అన్నాడు. ఈ జవాబు కూడా నాకు అనుమానంగానే తోచింది. మోసగాడు గేరంటీ ఇస్తాడు. తెలివైన మోసగాడు ఇవ్వడు.

నేనింకా ఏదో అనబోతుండగా గోడకి ఆనుకుని నిలబడ్డ మా అమ్మాయి, "ఎల్తానమ్మా" అంది. ఆ గొంతు నేను చాలా కాలంగా వినలేదు. మా ఆయన నన్ను చూశారు. అత్తగారు నన్ను చూశారు. నా అనుమానాన్ని నేను నోట్లోనే ఉంచుకున్నాను, ఉమ్మేయలేదు.

మొదటి వారం అంతా నేను ఏమీ అడగలేదు. రెండో వారంలో ఒక రోజు తెల్లవారగానే, అది స్కూటీ ముందర నిలువునా ఒక కొండచీపురు పెట్టి తాడుతో కడుతోంది.

"ఆటకి సీపురెందుకే?"

"కావాలమ్మా."

"మంచు మీద ఆడినప్పుడే సీపుర్లు, నేల మీద ఆడితే సీపురు పనే ఉండదని నిన్న నువ్వే కదే మామ్మకి సెప్పావు?"

"అబ్బ, వచ్చాక సెప్తాను, లేటవుతన్నాది" అని బండి తోలుకుని పోయింది.

వచ్చాక చెప్పేది ఏమిటో నాకు అర్థమైపోయింది. వాళ్ళు ప్రాక్టీసు చేసేది ఊరి చివర కళ్యాణ మండపంలో. అంత పెద్ద హాలు, అంత నున్నటి నల్ల గ్రానైటు నేల ఆ చుట్టుపక్కల ఇంకోటి లేదు. ఆ నేల రాళ్ళు మా ఆయన పనిచేసే యూనిట్లోనే పాలిష్ పట్టారు. పెళ్ళి అయిన మర్నాడు ఆ హాలు ఎలా ఉంటుందో మనకందరికీ తెలుసు. అంటే ఏమిటన్నమాట? ఆట అని పేరు పెట్టి, డిగ్రీ చదివే ఆడపిల్లల చేత కూలి లేకుండా పెళ్ళి హాలు ఊడ్పిస్తున్నారు. బరువులెత్తిన నా కూతురు చేత.

నేను ఆ రోజు కాలేజీకి సెలవు పెట్టి, ఆటో ఎక్కి నేరుగా మండపానికి వెళ్ళాను. వెనక వంటశాల వైపు నించి లోపలికి దూరి, తలుపు సందులోంచి చూశాను. నా అనుమానం అక్షరాలా నిజం! నలుగురు పిల్లలూ వరసగా వంగి ఊడుస్తున్నారు. పీడీ మాస్టారు కూడా ఓ మూల పేంటు మడిచి తడిగుడ్డ వేస్తున్నాడు, కానీ అది నా కోపాన్ని తగ్గించలేదు.

"బాగున్నాది మాస్టారూ! ఆట బాగా నేర్పతన్నారు. రేపట్నించి అంట్లు కూడా తోమించండి" అంటూ లోపలికి నడిచాను.

మా అమ్మాయి మొహం చేతుల్లో పెట్టుకుంది. మిగతా పిల్లలు నవ్వాలో పారిపోవాలో తెలీక చీపుర్లు పట్టుకుని నిలబడిపోయారు. మాస్టారు తడిగుడ్డ బకెట్లో వేసి, దాచడానికి ఏమీ లేనట్టు చెప్పాడు. హాలు వాళ్ళు అద్దె అడగలేదట. పెళ్ళి లేని రోజుల్లో ఆడుకోండి, ఊడ్చి పెట్టండి చాలన్నారట.

"అదీ సంగతి! అయితే మా పిల్లలు జీతం లేని పనోలన్నమాట."

"మేడమ్, వాళ్ళు అడక్కపోయినా మేం ఊడవాలి. ఒక్కసారి చూడండి" అని మా అమ్మాయికి సైగ చేశాడు.

అది ఇంకా నా మీద కోపంతోనే, ఊడవని వైపుకి వెళ్ళి, ఒక రాయిని పిడి పట్టుకుని, ముందుకి ఒక్క అడుగు వేసి వంగి వదిలింది. రాయి బాణంలా పోయింది. అవతల నేలకి అతికించిన గుడ్డ మీద రంగు వలయాలున్నాయి. దాన్ని ఇల్లు అంటారట. రాయి ఆ ఇంటి నడిమికే పోతోందని నాకు కూడా తెలుస్తోంది. సగం దారిలో టక్కుమని చిన్న చప్పుడు. రాయి మెలికపడి, వలయాలకి దూరంగా పోయి గోడని గుద్దుకుంది. మా అమ్మాయి వెళ్ళి నేల మీంచి ఏదో ఏరి, తెచ్చి నా అరచేతిలో పెట్టింది. ఒక్క తలంబ్రం. పసుపు బియ్యపు గింజ.

"ఇవేనమ్మా మా శత్రువులు" అంది.

పెళ్ళిలో పోటీ పడి దోసిళ్ళతో పోసుకున్న తలంబ్రాలు ఎంత ఊడ్చినా ఎక్కడో ఒకటి మిగులుతుంది. దాని మీద చక్రం ఎక్కిందా, రాయి దారి తప్పుతుంది. మిగతా దేశంలో ఈ ఆట ఆడేవాళ్ళకి ఈ బాధ ఉంటుందో లేదో నాకు తెలీదు.

అలాగని నా అనుమానం తీరిందనుకోకండి. ఆ రోజంతా ఒక కుర్చీ లాక్కుని కూర్చుని చూశాను. వంతులవారీగా తోస్తారు. తమ రాయి నడిమికి దగ్గరగా ఆపాలి, పక్కవాళ్ళ రాయిని కొట్టి పంపాలి, లేదా తమ రాయికి ఇంకో రాయిని కాపలా పెట్టాలి. తోసేముందు చాలాసేపు నిలబడి చూస్తారు, గుసగుసలాడుకుంటారు. ఇంటికొచ్చాక అత్తగారు, "ఎలగున్నాదే ఆట?" అని అడిగితే, "గోలీలాటండి. కాకపోతే గోలీకి పిడి ఉన్నాది" అన్నాను.

"గోలీలాటలో మీ మావయ్యని మించినోడు లేడు. ఆయన్నెవుడూ ఒలింపిక్స్‌కి తీసుకెల్లలేదు" అన్నారావిడ.

కానీ ఒక సంగతి నాకు మింగుడుపడలేదు. "రిఫరీ ఏడే?" అని అడిగాను మా అమ్మాయిని. "ఎవడూ ఈల ఊదలేదు. ఎవరి రాయి దగ్గరో మీలో మీరే సూసుకుని ఒప్పేసుకుంటన్నారు."

"అంతేనమ్మా. పోటీల్లో ఒక సారుంటారు గానీ, తప్పు సేస్తే మనమే సెప్పాలి. కాలు తగిలినా, సెయ్యి తగిలినా."

"తప్పు సేసినోడే సెప్పాలా? సెప్పకపోతే?"

"సెప్తారమ్మా."

నాకు నవ్వొచ్చింది. దేశంలో ఇన్ని కోర్టులూ, ఇంతమంది పోలీసులూ ఎందుకున్నారో పిల్లలకి ఏటేటా చెప్పేదాన్ని నేను. తప్పు చేసినవాడే చెయ్యెత్తి చెప్పే ఆట ఆడేవాళ్ళు ఉంటే అది ఆట కాదు, నాటకం అయ్యుండాలి. లేకపోతే అందరూ అబద్ధాలాడి హాయిగా చేతులు కలుపుకుని పోతుండాలి.

పోటీ విజయనగరంలో పెట్టారు. మా జిల్లా పిల్లలకీ వాళ్ళ జిల్లా పిల్లలకీ. గెలిచిన టీము రాష్ట్ర పోటీలకి వెళుతుంది. మా అమ్మాయి ఆ వారం రోజులూ భోజనం చేస్తూ కూడా కంచంలో వేలితో గీతలు గీసేది. ఎవరి రాయి ఎక్కడుంటే తను ఎక్కణ్ణించి తొయ్యాలో. నేలమీద పడుకోవడం మానేసింది. నాకు అందుకే భయం వేసింది. ఈసారి ఓడిపోతే, ఆ రాళ్ళని కూడా మనసులో ఏ అటక మీదో పెట్టేస్తుంది, మళ్ళీ దించదు.

బయల్దేరేముందు అత్తగారు కాగితంలో మడిచి అక్షింతలు నా చేతిలో పెట్టారు. "అరసవిల్లి సాములోరికి మొక్కినాను. ఆటకెల్లే ముందర మన గుంట నెత్తినెయ్యి. మర్సిపోకు."

"ఆ గింజలే ఆల్లకి శత్రువులత్తా" అన్నాను.

"దేవుడి అచ్చింతలు శత్రువులేటే! నోరు కడుక్కో."

నేను దేవుడి విషయంలో కూడా పూర్తిగా నమ్మే మనిషిని కాను, పూర్తిగా మానేసే మనిషినీ కాను. ఒకవేళ వెయ్యకపోవడం వల్లే ఓడిపోయిందని తరవాత నాకే అనుమానం వస్తే? అందుకని జాగ్రత్తగా, ఆట జరిగే హాలులో కాకుండా బయట మెట్ల మీదే దాన్ని నిలబెట్టి నెత్తిన వేశాను. వేశాక తల వంచమని, నా చేత్తోనే దులిపాను. భుజాలు దులిపాను. కాలరు వెనక చూశాను. ఇంతకన్నా ఏ తల్లి చేస్తుంది?

లోపల నేల మా మండపం నేలంత బాగోలేదు. ఆ మాట అక్కడే పైకి అన్నాను. మా పిల్లలు మొదట్లో వెనకబడ్డారు, తరవాత కలిశారు. నేను చేతులు కట్టుకుని కూర్చోలేకపోయాను. అవతలి జిల్లా పిల్లల కాళ్ళనే చూస్తూ కూర్చున్నాను, ఎవరి బూటైనా ఏ రాయికైనా తగులుతుందేమోనని. తగల్లేదు. వాళ్ళ కోచ్ మొహం నాకు నచ్చలేదు. కారణం లేదు.

ఆఖరి వరసకి వచ్చేసరికి మా అమ్మాయి వేసిన రాయి నడిమికి అతుక్కున్నట్టు కూర్చుంది. వాళ్ళకి ఒక్క రాయే మిగిలింది. అది మా రాయిని కొట్టి తప్పించకపోతే మేం గెలిచినట్టే. వాళ్ళ పిల్ల, పొట్టిగా, కళ్ళజోడు పెట్టుకున్న పిల్ల, చాలాసేపు చూసి వదిలింది. చక్కగా వదిలింది. ఆ రాయి నేరుగా మా రాయి మీదికే వస్తోంది.

టక్.

ఆ చప్పుడు నాకు తెలుసు. వాళ్ళ రాయి మెలికపడి, మా రాయి పక్కనించి ఒరుసుకోకుండా పోయింది. మా పిల్లలు ఎగిరి గంతేశారు. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. కళ్ళజోడు పిల్ల తను వదిలిన చేతిని తను చూసుకుంటోంది, ఆ చెయ్యే మోసం చేసినట్టు.

మా అమ్మాయి గంతెయ్యలేదు. దారి మధ్యకి నడిచింది. వంగింది. వంగినప్పుడు దాని జడ ముందుకి పడింది. అది ఎంత పొడుగు జడో, పాయలెంత గట్టిగా అల్లుతానో నాకు తెలుసు. ఇంతకుముందు అది రాయి వేసి, దాని వెనకే నడిచి వంగి చూసినప్పుడూ ఆ జడ అలాగే ముందుకి పడి ఉంటుంది. నేల మీంచి ఏదో తీసి అరచేతిలో పెట్టుకుని, అక్కడ ఉన్న సారు దగ్గరికి వెళ్ళింది. వద్దే, వద్దే అని నేను లోపల అనుకుంటూనే ఉన్నాను. గింజకి పేరు రాసి ఉందా? ఏ పెళ్ళి నించి ఎవరి చెప్పుకి అంటుకుని వచ్చిందో ఎవరికి తెలుసు?

"సార్, ఇది ఆల్ల రాయికి అడ్డం వచ్చింది. ఇది నా జడలోంచి పడింది. బయట మా అమ్మ నాకు అచ్చింతలేసింది" అంది, హాలంతా వినబడేలా. ఆపైన చెయ్యి చాపి నన్ను చూపించింది కూడా. అందరూ నా వైపు తిరిగారు.

నేను కూర్చున్నాను.

ఆ సారు ఏం చెయ్యాలో తెలీక మాస్టారి వైపు చూశాడు. మాస్టారు మా అమ్మాయి వైపు చూశాడు. "ఆల్లని మల్లీ వెయ్యనివ్వండి సార్" అందది. కళ్ళజోడు పిల్ల మళ్ళీ వచ్చింది. అదే దారి, అదే వేగం. ఈసారి ఏ చప్పుడూ లేదు, రాళ్ళు ఒకదాన్నొకటి కొట్టుకున్న చప్పుడు తప్ప. మా రాయి గోడ దాకా పోయింది.

అందరూ చేతులు కలుపుకున్నారు. ఫోనులో చూసినట్టే.

కోటబొమ్మాళి వచ్చే రైలెక్కి కూర్చునేదాకా ఓపిక పట్టాను. కిటికీ పక్కన అది, ఎదురుగా నేను. మిగతా పిల్లలూ మాస్టారూ అటు పక్క సీట్లలో పల్లీలు వొలుచుకుంటున్నారు.

"నీకేటైనా బుర్ర ఉన్నాదా? ఎవుడు సూశాడే ఆ గింజని?"

"నాను సూశాను."

"ఆల్లైతే సెప్పుదురా?"

"ఏమో."

"ఏమో అంటన్నావు, మరి నువ్వెందుకు సెప్పావు?"

"ఆ గుంట ఎంత బాగా ఏసిందో నువ్వు సూశావు కదమ్మా. అది తప్పిపోయి నా రాయి ఉండిపోతే, ఆ రాయిని నానేం సేసుకుంటాను?" అని, పల్లీలకోసం అటు చెయ్యి చాపింది.

"అచ్చింతలేసినందుకు నా తప్పే అన్నమాట."

"నీ తప్పని ఎవులన్నారు?"

"నలుగుర్లో సెయ్యి సూపించి మరీ సెప్పావు!"

అప్పుడు నవ్వింది. పొట్ట పట్టుకుని, నడుం నొప్పి గుర్తు లేనట్టు వంగి నవ్వింది. మిగతా పిల్లలు ఏటి ఏటి అని అడిగితే వాళ్ళకి నేను మొహం ఎలా పెట్టానో చేసి చూపించింది. మాస్టారు కిటికీ వైపు తిరిగిపోయాడు. ఆయన భుజాలు కదలడం నేను చూశాను. నాకు ఆ నవ్వు మీద కూడా అనుమానమే. పోటీ ఓడిపోయి వస్తూ నవ్వేవాళ్ళని నేనింతవరకు చూడలేదు. బరువుల పోటీల్లో ఓడినప్పుడు ఇది రెండు రోజులు అన్నం తినేది కాదు. కాబట్టి ఇది లోపల ఏదో దాస్తోందనీ, ఇంటికెళ్ళగానే సంచి కడుతుందనీ అనుకున్నాను.

ఇంటికెళ్ళగానే అత్తగారు గుమ్మంలోనే, "గెలిసీసినారా?" అన్నారు.

"నీ అచ్చింతలు ఓడించినాయి మామ్మా" అని ఇది చెబితే, ఆవిడ కొంచెం ఆలోచించి, "మీయమ్మ సరిగ్గా దులిపుండదు" అని లోపలికి వెళ్ళిపోయారు.

సంచి కట్టలేదు. నేను రెండు రోజులు అటక వైపే చూస్తూ తిరిగాను. మూడోనాడు తెల్లవారగానే అది నా ముందర పీట వేసుకుని వీపు తిప్పి కూర్చుంది. "జడ వద్దమ్మా, గట్టిగా ముడేసీ. వెయ్యబోయే ముందర పాయలన్నీ తీసి సూడు." పేలు వెతికినట్టు దాని జుట్టంతా పాయ పాయ తీసి వెతికాను. ఏమీ లేవు. ఉన్నాయేమోనని మళ్ళీ వెతికాను. ముడి వేశాక, అది స్కూటీకి కొండచీపురు కట్టుకుంటుంటే, వెనక సీటు మీద ఎక్కి కూర్చున్నాను.

"నువ్వెక్కడికి?"

"రాత్రి అక్కడ పెల్లయింది. మీ ఊడ్పు మీద నాకు నమ్మకం లేదు."

ఆ ఆట ఆటో కాదో ఇప్పటికీ నేను తేల్చలేదు. చెమట సంగతి వాళ్ళది నాకు తెలీదు గాని, ఆ హాలు సగం ఊడ్చేసరికి నాకు మాత్రం జాకెట్టు తడిసిపోయింది. ఆ పిల్లలు ఊడ్చింది ఊడ్చినట్టే ఉంది గాని, నేను వంగి అరచెయ్యి నేల మీద ఆనించి రాసుకుంటూ వెళితే గింజ తగిలింది. "సూశారేటి మాస్టారూ? ఇదేటి మరి?" అని గింజ ఎత్తి చూపించాను. ఇంకాస్త ముందుకెళితే ఇంకోటి.

"అమ్మా, జరుగు" అని వెనకనించి మా అమ్మాయి అరిచింది.

తిరిగి చూస్తే రాయి వచ్చేస్తోంది. నా మీదికే, మెత్తగా, తొందరేమీ లేనట్టు.

"నిన్నెవులు తొయ్యమన్నారే! ఇంకా ఊడవందే!" అని నేనూ అరిచాను. అరుస్తూనే, పక్కకి తప్పుకోకుండా, చీపురు రెండు చేతులా పట్టుకుని, వంగి, రాయి ముందర గబగబా ఊడ్చుకుంటూ వెనక్కి వెనక్కి నడిచాను.